నడుముకు కట్టుకున్న కొక్కెం

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఇది: నేను సముద్రంలో పడిపోతాను, నా కూతురు పడవ మీద మిగిలిపోతుంది. పాప పడిపోతుందన్న భయం ఏ తల్లికైనా ఉంటుంది, దానికి తాళ్ళున్నాయి, బెల్టులున్నాయి, కొక్కేలున్నాయి. నాది వేరే. నేను పడతాను, గాలి పడవను ముందుకు లాక్కుపోతూనే ఉంటుంది, పాప తన మూల కూర్చుని "అమ్మా" అంటుంది, కాసేపు ఆగి మళ్ళీ అంటుంది, కింద గదిలో వాళ్ళ నాన్న నిద్ర లేవరు. నేను మునిగిపోవడం దాకా కూడా నా ఊహ వెళ్ళదు. ఆ రెండో "అమ్మా" దగ్గరే ఆగిపోతుంది. నేల మీదికి వస్తే పోతుందిలే అనుకున్నాను. వచ్చాం. పోలేదు.

మేం రేవు చేరిన పొద్దున నేను మాడిన గిన్నె తోముతున్నాను. సముద్రం దాటి రావడమంటే చివర్లో ఏదో గొప్ప ఘడియ ఉంటుందనుకున్నాను, నా వంతుకు గిన్నె వచ్చింది. పడవలో పొయ్యి ఊగుతూ ఉంటుంది. ఒక చేత్తో గిన్నె పట్టుకోవాలి, ఒక చేత్తో గరిటె తిప్పాలి, మోకాలితో పాపను పొయ్యి దగ్గరికి రాకుండా ఆపాలి. ఇంకో చెయ్యి ఉంటే దాంతో నన్ను నేను పట్టుకునేదాన్ని. ఆ పొద్దున రేవు కనబడిందంటే పైకి వెళ్ళి చూసొచ్చేసరికి అన్నం అడుగంటింది. "ఇదిగో, వచ్చేశాం! జనం చూడు ఎంతమందో!" అని ఆయన పైనుంచి కేకేశారు. "ఆ జుట్టు కాస్త సరిచేసుకుని రా, ఫోటోలు తీస్తారు." సబ్బు చేతులతోనే జుట్టు సర్దుకున్నాను.

గట్టు మీద అత్తగారు, మరిది, చంకలో పిల్లాడితో నా తోడికోడలు, ఆయన స్నేహితులు, పేపరువాళ్ళు. ఆయన తాడు విసిరి, కట్టించి, ఒక్క గెంతులో గట్టు మీదికి దూకారు. చప్పట్లు. తర్వాత నేను. కాలు పెట్టగానే నేల ఊగింది. ఇన్నాళ్ళూ ఊగేదాని మీద బతికిన ఒళ్ళు కదలని నేల మీద అలా మోసం చేస్తుందట, తర్వాత ఎవరో చెప్పారు. మోకాళ్ళ మీద పడ్డాను. నా నడుముకూ గువ్వ నడుముకూ మధ్య మూరెడు తాడు ఉంది, అటో కొక్కెం, ఇటో కొక్కెం. మూడో ఏడు నడుస్తున్న నా కూతుర్ని నేను గువ్వా అని పిలుస్తాను. దిగేముందు విప్పాలన్న సంగతే నాకు గుర్తులేదు. నాతోపాటు అదీ గుంజుకొచ్చి నా వీపు మీద పడి బేరుమంది. "ఓరి దేవుడా, దూడను కట్టుకొచ్చినట్టు కట్టుకొచ్చిందిరా!" అన్నారెవరో. అందరూ నవ్వారు. మనవాళ్ళు క్షేమంగా వచ్చారన్న సంతోషంలో దేన్ని చూసినా వచ్చే నవ్వు అది. చెడ్డ నవ్వయితే కోపమైనా తెచ్చుకునేదాన్ని. "విప్పవే ఆ తాడు, పరువు పోతోంది" అని అత్తగారు పళ్ళ సందులోంచి అన్నారు. కళ్ళు మూసుకుని విప్పగలిగే కొక్కెం ఆ పూట నా వేళ్ళకు లొంగలేదు.

పేపరు అమ్మాయి ఒకతె నన్ను లేవదీసి, "పడవలో మీరేం చేసేవారండీ?" అని అడిగింది. మర్యాదగానే అడిగింది. మేం ఇద్దరమే నడిపాం ఆ పడవను. ఆయన పడుకుంటే నేను చుక్కాని దగ్గర, నేను పడుకుంటే ఆయన. సగం సముద్రం నా చేతి కిందనుంచే పోయింది. నేను "వంట" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు తెరవగానే అలవాటైన మాట అదే దొరికింది. ఆయన పక్కనుంచి నా భుజం తట్టి, "తోడుగా వచ్చింది పాపం. దారిపొడుగునా ఒక్క మాట అనలేదు" అన్నారు. అది ఆయన దృష్టిలో నాకిచ్చిన బిరుదు.

ఆ గట్టు మీదే పడవలవాళ్ళ కోసం స్నానాల గదులున్నాయి. వాటి తాళాలు పట్టుకుని ఒక పెద్దావిడ స్టూలు మీద కూర్చునుంది. ఆయన ఫోటోల్లో ఉండగా నేను పాపతో అక్కడికి వెళ్ళాను. "పిల్లను నాకివ్వమ్మా, తలుపేసుకుని తీరిగ్గా పోసుకో" అందావిడ. తీరిగ్గా! ఇద్దామనే అనుకున్నాను. చెయ్యి కొక్కెం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "వద్దులెండి, నాతోనే ఉంటుంది" అన్నాను. ఆవిడ లోపల తడి నేల చూసింది, మా మధ్య తాడు చూసింది. "అయితే ఆ తాడైనా విప్పెయ్ తల్లీ. నువ్వు జారితే పిల్ల కూడా పడుతుంది కదా" అంది.

గడియ పెట్టుకుని, పంపు విప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చాను. నువ్వు జారితే పిల్ల కూడా పడుతుంది కదా. ఎవరైనా అనే మామూలు మాటే. కానీ ఆవిడకు ప్రమాదంగా కనబడింది నేను కావాలని చేసుకున్న ఏర్పాటు. జారితే ఇద్దరం పడాలనే కట్టుకున్నాను. ఆ మాట నాకు నేను కూడా అంత తేటగా ఎప్పుడూ చెప్పుకోలేదు. ఒంటి మీద ఉప్పు పోయింది, ఈ సంగతి మాత్రం సబ్బుకు వదల్లేదు.

మొదట్లో అలా ఉండేది కాదు. చుక్కాని పక్కన పాప కూర్చునే మూలలో చెక్కకు ఒక ఇనుప రింగు బిగించి ఉంది. పాప బెల్టు తాడును ఆ రింగుకు తగిలించాలన్నది ఆయన పెట్టిన నియమం. మంచి నియమం, కాదనను. నాకూ ఒక బెల్టుండేది. దాని కొక్కెం విరిగితే, "రేవు చేరాక కొత్తది కొందాం, అందాకా కాస్త జాగ్రత్తగా తిరుగు" అన్నారు. సముద్రం మధ్యలో ఒక మధ్యాహ్నం, ఆయన కాపలా ముగించుకుని కింద పడుకున్నారు. ముందు తెరచాప తాడు చిక్కుపడింది. విప్పుదామని వెళ్ళాను. పక్కనుంచి కెరటం కొట్టింది. కాళ్ళు పడవ అంచు కమ్మీ దాటి అవతలికి పోయాయి, చేతులు మాత్రం కమ్మీని వదల్లేదు. నడుము దాకా నీళ్ళు. పిలిచాను. అలా వేలాడుతూ కూడా "ఏవండీ" అనే పిలిచాను, తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది. ఏవండీ, ఏవండీ అని గొంతు పోయేలా. కెరటాల చప్పుడుకు నిద్ర పట్టదని ఆయన చెవుల్లో మైనం ముద్దలు పెట్టుకుని పడుకుంటారు. పాపకు నా తల ఒక్కటే కనబడుతోంది. దాగుడుమూతలనుకుని చప్పట్లు కొట్టింది. కాసేపటికి ఆట నచ్చలేదు. "అమ్మా" అంది. ఆగింది. మళ్ళీ "అమ్మా" అంది.

ఎలా ఎక్కానో తెలియదు. మోచేతులు చెక్కుకుపోయాయి. కిందికెళ్ళి చూస్తే ఆయన హాయిగా నిద్రపోతున్నారు, నోరు కాస్త తెరుచుకుని, అచ్చం పాపలాగే. లేపలేదు. లేవగానే "టీ పెట్టలేదా?" అన్నారు. పెడుతూ చెప్పాను, "ఇందాక పడబోయానండీ" అని. నన్ను కిందికీ మీదికీ చూసి, "పడలేదుగా" అన్నారు. పడలేదు, నిజమే. "చెవుల్లో అవి పెట్టుకోకండి" అన్నాను. "నిద్ర లేకపోతే రేపు పడవ ఎవరు నడుపుతారు, నువ్వా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. టీలో చక్కెర తక్కువైందంటే వేశాను. ఆ సాయంత్రమే పాప తాడును రింగు నుంచి తీసి, కొక్కెం విరిగిన నా బెల్టుకు తగిలించుకున్నాను. ఆయన చూసి "నీ చాదస్తం" అన్నారు. అలా అనుకోవడమే మేలనిపించింది.

రేవు చేరాక పేపర్లో ఫోటో వచ్చింది. మోకాళ్ళ మీద నేను, వీపు మీద పాప, మధ్యలో తాడు. కింద పెద్ద అక్షరాలతో "పేగుబంధం" అని వేశారు. దాంతో ఇంట్లో గాలి తిరిగింది. పరువు పోతోందన్న అత్తగారే ఆ ఫోటో కత్తిరించి హాల్లో అద్దానికి అంటించారు. ఎవరొచ్చినా చూపించి, "మా పెద్ద కోడలు బిడ్డను కడుపుకు కట్టుకుని సముద్రం దాటించింది" అనేవారు. ఆయన "నేనే నేర్పించానండీ" అనేవారు. వచ్చినవాళ్ళు నా వంక తల్లంటే నువ్వేనమ్మా అన్నట్టు చూసేవారు. నేను టీ కప్పులు అందిస్తూ తేలు కుట్టిన దొంగలా ఉండేదాన్ని. తిట్టినప్పుడు అంత నొప్పి లేదు. ఒక్కొక్క మెప్పూ ఒక్కొక్క కుట్టు.

నా సిగ్గు నాతోనే పోయేది, పడవ అక్కడితో ఆగిపోయి ఉంటే. కానీ అన్నదమ్ములిద్దరూ ముందునుంచీ అనుకున్నదేమిటంటే, మొదటి సముద్రం అన్నయ్యది, రెండో సముద్రం తమ్ముడిది. పడవ మా చేతుల్లోంచి మరిది చేతుల్లోకి పోతుంది, పెళ్ళాం పిల్లాడితో సహా. నా తోడికోడలికి ఇష్టం లేదు. పెద్ద చదువు చదివిన మనిషి, ఆఫీసులో తన కింద పనిచేసేవాళ్ళున్నారు. పిల్లాడు ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్నాడు. "నేను రాను, మీరు ఇంకెవరినైనా తీసుకెళ్ళండి" అని మేం రాకముందు గట్టిగానే చెప్పిందట. ఇప్పుడు అద్దం మీద నా ఫోటో ఉంది. భోజనాల దగ్గర అత్తగారు, "చదువు మధ్యలో ఆగిపోయిన పిల్ల అది. అదే చేయగా లేనిది, ఇంత చదివిన నీకేం రోగం?" అన్నారు. మరిది, "మా వదినను చూసి నేర్చుకో. ఒక్క మాట అందా దారిలో?" అన్నాడు. ఆయన ఇంకాస్త వడ్డించమన్నట్టు కంచం ముందుకు జరిపారు. తోడికోడలు నా మొహంలోకి చూసింది. నేను కంచంలోకి చూశాను. నేను నోరు మూసుకోవడం నా సొంత గొడవ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అది ఇంకొకరి నోట్లో కుక్కే గుడ్డ అవుతుందని నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు వంటింట్లో కూరలు తరుగుతూ ఆమే అడిగింది. "అక్కా, ఒకటడుగుతాను, నవ్వకూడదు. నేనూ వాణ్ని నడుముకే కట్టుకోనా? అందరూ అదే మంచిదంటున్నారు."

"వద్దు. పడవకే కట్టు. చుక్కాని పక్కన రింగుంటుంది."

"మరి నువ్వు?"

చెప్పాలి. చెప్పడానికి ఊపిరి కూడా తీసుకున్నాను. గుమ్మంలో అత్తగారు. "ఏంటర్రా గుసగుసలు? నాకూ చెప్పండి, నేనూ నవ్వుతాను" అన్నారు. "ఏం లేదత్తయ్యా" అన్నాను. తోడికోడలితో, "పాప రింగు దగ్గర మారాం చేసేది, అందుకని" అన్నాను.

"అంతేనా?" అంది.

"అంతే."

ఆమె కూర ముక్కలు చిన్నగా, ఇంకా చిన్నగా, వండడానికి పనికిరానంత చిన్నగా తరిగింది.

పడవ అప్పగించేముందు అద్దంలా చేసి ఇవ్వాలన్నారు ఆయన. చేసేది నేను. ఆయన, తమ్ముడు గట్టు మీద తెరచాపలు పరుచుకుని కొలతలు మాట్లాడుకుంటుంటే, నేను పడవ కడుపులోకి దూరి నాచు గోకాను, పొయ్యి తోమాను, పరుపులు ఎండేశాను. గువ్వ నా నడుముకే ఉంది. నేల మీద కూడా తీయలేకపోతున్నాను, ఇంట్లో మంచం మీద సైతం చీర కొంగు దాని చేతికి చుట్టుకుని పడుకుంటున్నాను. చివరికి చుక్కాని దగ్గర కూర్చున్నాను. ఆ కొయ్యపిడి నా అరచేతికి అలవాటైపోయింది. నాకు లెక్కలు రావని ఆయన ఎప్పుడూ అంటారు, రావు. చెంప మీద గాలి ఎటు తగులుతోందో చూసుకుని నడిపేదాన్ని. ఆయన లేచి దిక్సూచి చూసి "ఫరవాలేదే!" అనేవారు, ఆశ్చర్యంగా, ప్రతిసారీ అదే ఆశ్చర్యంతో. ఆయన నిద్రలో ఉన్న ఆ కొన్ని గంటలు నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఈ పడవ దిగుతున్నందుకు నాకు ఏడుపొస్తోందని ఎవరికి చెప్పుకోను? చావుకు కట్టుకున్న చోటే కాస్త ఊపిరాడింది అంటే ఎవరు నమ్ముతారు?

రింగు తుప్పు పట్టి ఉంది. వాడకపోయేసరికి ఉప్పు తినేసింది. గరుకు కాగితం తీసుకుని రుద్దుతుంటే మరిది వచ్చాడు. "దానితో ఎందుకు తంటాలు వదినా? ఎలాగూ మా ఆవిడ నీలాగే నడుముకు కట్టుకుంటుందట. కాలికి తగులుతోంది, పీకి పారేస్తాను."

"తీయకు!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. గట్టు మీదనుంచి ఆయన కూడా తల తిప్పారు. మరిది చేతులు రెండూ పైకెత్తి, "సరే తల్లీ, తీయనులే. రింగు కోసం కరుస్తావా ఏంటి?" అని నవ్వాడు. తల వంచుకుని రుద్దాను, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాను.

వాళ్ళు బయల్దేరే రోజు గట్టు మీద మళ్ళీ అదే జనం. తోడికోడలు పడవలో నిలబడి ఉంది. పిల్లాడి నడుముకు కొత్త బెల్టు, ఆమె నడుముకు కొత్త బెల్టు, మధ్యలో మూరెడు తాడు. ఫోటోలవాళ్ళు దానికోసమే వచ్చినట్టున్నారు. "ఇటు తిరగండమ్మా, తాడు కనబడాలి" అంటున్నారు. ఆమె తిరిగింది. ఆ నవ్వు నాకు తెలుసు. నేను కప్పులు అందిస్తూ నవ్వే నవ్వు.

స్నానాల గదుల పెద్దావిడ కూడా వచ్చి నిలబడింది చూడ్డానికి. నా కొక్కెం విప్పి, గువ్వను ఆవిడ చేతికిచ్చాను. "కాసేపు పట్టుకోండి" అన్నాను. ఆలోచించి ఉంటే ఇవ్వలేకపోయేదాన్ని. పడవెక్కాను. తోడికోడలి నడుము దగ్గర కొక్కెం తీసి, రింగుకు తగిలించాను. టక్కుమంది. "అమ్మా, అడ్డు తప్పుకోండి" అన్నాడు ఫోటోలతను. అత్తగారు, "బయల్దేరే వేళ ఇదేం పనే?" అన్నారు.

ధైర్యంగా చెప్పాననుకోకండి. ఎవరి మొహమూ చూడలేదు, రింగునే చూస్తూ చెప్పాను. "అది పేగుబంధం కాదత్తయ్యా. నేను పడితే, పిలిచినా లేచేవాళ్ళు లేరు. పాప ఒక్కతే మిగిలిపోకూడదని, పోతే ఇద్దరం పోదామని కట్టుకున్నాను."

ఆయన నవ్వడానికి ప్రయత్నించి, "పడలేదుగా ఎవరూ" అన్నారు.

"పడ్డానండీ. కమ్మీ పట్టుకుని వేలాడాను. మీరు నిద్రపోతున్నారు."

ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఇంత సిగ్గు నేనెందుకు పడాలన్న ప్రశ్న ఇది రాస్తుంటే వచ్చింది గానీ, అప్పుడు రాలేదు. మరిది వైపు తిరిగి, "నువ్వు పడుకునేప్పుడు చెవుల్లో ఏమీ పెట్టుకోకయ్యా" అన్నాను. అతను తాళ్ళ వంక చూస్తూ ఊఁ అన్నాడు. తోడికోడలు నన్ను గట్టిగా పట్టుకుంది. వీడ్కోలు అనుకున్నారు అందరూ. నా చెవిలో అంది: "ఈయనకి చెవుల్లో ఏమీ అక్కర్లేదక్కా. వాడు పక్కనే జ్వరంతో ఏడ్చినా లేవరు."

"దిగిపో" అన్నాను.

"ఇంతమందిలోనా?" అంది.

మరిది అప్పటికే తాడు విప్పేశాడు. నేను దిగాల్సి వచ్చింది. నన్ను చూడగానే గువ్వ ఏడుస్తుందనుకున్నాను. పెద్దావిడ ఇచ్చిన బిస్కెట్టు తింటోంది, తల కూడా ఎత్తలేదు. పడవ గట్టు వదిలి కాస్త దూరం పోయాక, తోడికోడలు పిల్లాడి వైపు వంగడం కనబడింది. రింగు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటోందా, కొక్కెం తీసి నడుముకు పెట్టుకుంటోందా, అంత దూరం నుంచి నాకు తెలియలేదు.

ఇంట్లో అద్దం మీద ఫోటో తీసేశారు. జిగురు మచ్చ ఉంది. ఆయన నాతో అవసరానికి తప్ప మాట్లాడడం లేదు. గువ్వ ఇప్పుడు కొంగు లేకుండానే నిద్రపోతోంది, నేనే మధ్య మధ్యలో లేచి దాని చెయ్యి తడుముకుంటున్నాను. పడవ ఏయే రేవుల్లో ఆగుతుందో అడిగితే, "నీకెందుకు?" అంటున్నారు. అందుకే, ఏ రేవులో ఉన్నా సరే, ఇది చదివే మీకు రాస్తున్నాను. తెల్ల పడవ, నడుమున నీలం గీత ఉంటుంది. మీ రేవుకు వస్తే, ఆమె భర్త పనిమీద గట్టెక్కి వెళ్ళేదాకా ఆగండి. బాగున్నావా అని అడగొద్దు, బాగున్నానంటుంది, నేనూ అలాగే అనేదాన్ని. పిల్లాడి కొక్కెం ఎక్కడుందో చూడండి. రింగుకుంటే చెయ్యి ఊపి వెళ్ళిపోండి. ఆమె నడుముకుంటే మాత్రం, మీకు పుణ్యముంటుంది, పడవెక్కి, "పిల్లాణ్ని నేను పట్టుకుంటాను, నువ్వు కాసేపు పడుకో" అనండి. వెంటనే ఇవ్వదు. ఇచ్చేదాకా అక్కడే ఉండండి.